మనసు కుదరనప్పుడు దివ్యపూజలో పఠనం చదవవచ్చునా?

"పూతలపట్టు బస్సు" అన్న మారుపేరుతో ఒకరు (చిత్తూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. తిరుపతిలో ఒక కార్యాలయపు లెక్కల విభాగంలో పనిచేస్తూ రోజూ బస్సులో వెళ్ళి వస్తుంటాను. రెండేళ్ళ క్రితం మా కతోలిక విచారణ (దేవాలయ పరిధి) గురువులు ఆదివారపు దివ్యపూజలో బైబులు నుండి మొదటి పఠనం చదవమని అడిగినప్పుడు, ఉద్యోగం చేసే పిల్ల కాబట్టి బెదరకుండా చదువుతుందని అనుకొని ఉంటారని సరేనన్నాను. మా ఇంట్లో మాట్లాడేది సగం తెలుగు, సగం తమిళం. బడిలో నేను చదివినది ఇంగ్లీషు మాధ్యమం. తెలుగు చదవగలను గాని, పొడవైన వాక్యం ఎక్కడ మలుపు తిరిగి ఎక్కడ ముగుస్తుందో నా కన్ను పసిగట్టేలోపే నోరు అక్కడికి చేరుకుంటుంది.

పెంతెకోస్తు పండుగనాడు జరిగినది చెబితే మీకు అర్థమవుతుంది. ఆనాటి మొదటి పఠనంలో యెరూషలేములో గుమికూడిన జనుల దేశాల పేర్లు వరుసగా వస్తాయి. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అనేంతవరకు బాగానే సాగింది. కప్పదొకియ దగ్గర నాలుక మడతపడింది. ఫ్రుగియ, పంఫీలియ వచ్చేసరికి రెండింటినీ కలిపి ఏదో మూడవ దేశం పేరు పలికాను. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు నవ్వారు, వారిని చూసి నాకూ నవ్వు వచ్చింది, దానిని ఆపుకునే ప్రయత్నంలో మిగిలిన వాక్యాలు ఏమి చదివానో ఈనాటికీ గుర్తులేదు. పూజ ముగిశాక ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, "రేడియోలో ధరవరలు చదివినట్టు చదివావమ్మా" అన్నారు. ఆ మాట మనసులో పెట్టుకొని మరుసటి నెల గొంతు పెంచుతూ తగ్గిస్తూ, భావం నింపి చదివితే, అదే పెద్దాయన "నాటకం అక్కర్లేదమ్మా" అన్నారు.

ఇంతవరకు అయితే సాధనతో సరిచేసుకోవచ్చు. నేను అడగదలచినది వేరు. నిరుడు మా నాన్నగారు పోయారు. నవంబరు 2న, మృతుల స్మరణ దినాన, సొలోమోను జ్ఞానగ్రంథం మూడవ అధ్యాయం చదవడం నా వంతుకు వచ్చింది. నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయని, ఏ బాధా వారిని తాకదని చెప్పే భాగం అది. ఆ రోజుల్లో నేను ప్రార్థన మానేసి ఉన్నాను. ఆసుపత్రి మంచం మీద నాన్నగారిని బాధ తాకడం కళ్ళారా చూసినదానిని. అయినా గొంతు వణకకుండా చదివి, చివర "ప్రభువు వాక్కు" అని చెప్పి దిగివచ్చాను. విచిత్రమేమిటంటే, బాగా చదివావని అందరూ మెచ్చుకున్నది ఆ ఒక్క రోజే. నమ్మని మాటను నమ్మినట్టు వినిపించడం మోసం కాదా అన్న ప్రశ్న అప్పటినుండి నన్ను తొలుస్తోంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. శుక్రవారాలలో సాయంత్రం బస్సులో ఆదివారపు పఠనం జిరాక్సు కాగితం తీసి చూసుకుంటుంటాను. ఒకనాడు పక్క సీటులో కూర్చున్న మా కార్యాలయపు అక్క, "ఏం చదువుతున్నావు, పెదవులు కదులుతున్నాయే" అని అడిగితే, "ఆఫీసు కాగితం అక్కా" అని అబద్ధం చెప్పి మడిచి సంచిలో పెట్టేశాను. నా మతం ఆమెకు తెలియనిది కాదు, ఆమె నన్ను ఎన్నడూ చిన్నచూపు చూసిందీ లేదు. మూడువందల మంది ఎదుట మైకులో చదివే నేను, ఒక్క మనిషి అడిగితే ఎందుకు చెప్పలేకపోయానో నాకే తెలియడం లేదు. అనుభవమున్న పెద్దలు తోచినది చెప్పగలరని కోరుతున్నాను.

ముప్పయ్యేళ్ళ పాఠకుడు (తిరుపతి) ఇచ్చిన జవాబు:

అమ్మా, ఆ పెద్దాయన రెండు సార్లూ చెప్పినది సరైనదే. కాకపోతే రెండింటికీ నడుమ ఏముందో ఆయన చెప్పలేదు, మాకు కూడా మొదట్లో ఎవరూ చెప్పలేదు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టినవారికి భారతం మిట్ట గురించి వేరే చెప్పనవసరం లేదు. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం జరుగుతాయి. భాగవతార్ భీముడి మాట వచ్చినప్పుడు భీముడై గర్జిస్తాడు, ద్రౌపది మాట వచ్చినప్పుడు కన్నీరు పెట్టిస్తాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు జనం ఫలానా భాగవతార్ గొంతు ఎంత గొప్పదో చెప్పుకుంటూ వెళతారు. అది ఆ కళకు న్యాయమే. దేవాలయంలో మాత్రం జనం ఇంటికి వెళుతూ చదివిన మనిషిని తలచుకున్నారంటే ఏదో తేడా జరిగిందని అనుకోవాలి. మనం యెషయా ప్రవక్త వేషం కట్టడానికి అక్కడ నిలబడడం లేదు. అలాగని ధరవరల జాబితా కూడా కాదు గదా.

నాకు దారి చూపినది మా నాయనమ్మ. ఆమెకు చదువు రాదు. మద్రాసు నుండి మా చిన్నాయన ఉత్తరం రాస్తే నన్ను కూర్చోబెట్టి చదివించుకొనేది. చిన్నాయన గొంతును అనుకరించి చదివితే నవ్వుతూ మొట్టికాయ వేసేది. గబగబా చదివితే "ఎవరు తరుముతున్నారురా" అని కసిరేది. ఆమెకు కావలసినది కొడుకు మాట మాత్రమే. పౌలు రాసినవన్నీ ఉత్తరాలే అన్న సంగతి గుర్తుకు తెచ్చుకోండి. తెస్సలోనీకయులకు రాసిన మొదటి లేఖ చివర, ఈ ఉత్తరాన్ని సహోదరులందరికీ చదివి వినిపించమని ప్రభువు పేర ఆనబెట్టి మరీ చెబుతాడు. ఆనాడు చదవడం వచ్చినవారు కొందరే; మిగిలినవారంతా మా నాయనమ్మ లాంటివారే. ఇలాంటి లేఖల నుండి వచ్చే రెండవ పఠనం చదివేటప్పుడల్లా నేను ఇప్పటికీ ఆమె మంచం పక్కన కూర్చున్నట్టే ఊహించుకుంటాను.

ఇక పని విషయం. విరుపు ఎక్కడ పడాలో తెలియకుండా చదివితే అర్థం మారిపోతుంది. ఆగమన కాలం (క్రిస్మసుకు ముందటి వారాలు) రెండవ ఆదివారం, బి సంవత్సరంలో (మూడేళ్ళకొకసారి తిరిగివచ్చే పఠనాల వరుసలో రెండవ ఏడాది), యెషయా నలభయ్యవ అధ్యాయం మొదటి పఠనంగా వస్తుంది. అక్కడ ఒక స్వరం కేకవేసి, ఎడారిలో ప్రభువునకు దారి సిద్ధం చేయమంటుంది. తరువాతి పాదంలో కూడా బీడు నేలలో బాట తిన్నగా చేయమన్న మాట జతగా వస్తుంది కాబట్టి, ఎడారి అన్న మాట దారికి చెందినదని తేలుతుంది. అదే పూజలో గురువులు చదివే మార్కు సువిశేషం ఆ మాటనే ఎత్తుకొని, కేకవేసేవాడినే ఎడారిలో నిలబెడుతుంది, ఎందుకంటే అక్కడ జ్ఞానస్నానమిచ్చే యోహాను నిజంగానే ఎడారిలో ఉన్నాడు. మొదటి పఠనంలో మనం "ఎడారిలో" అన్న మాట తరువాత తప్పుగా ఆగితే, మార్కు చెప్పబోయేదానిని యెషయా నోట ముందే పెట్టినవాళ్ళమవుతాం. విన్నవారిలో ఇది పట్టుకొనేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ ఇద్దరి కోసమైనా ముందు రోజు కూర్చొని చూసుకోవాలి.

జిరాక్సు కాగితం మీద పెన్సిలుతో చిన్న విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు పెట్టుకోండి. పేర్లను అక్షరాలుగా విడగొట్టి గురువారం నుండే పైకి పలకండి. సందేహముంటే ఫాదర్ గారిని అడిగి ఒక పలుకుబడి ఖాయం చేసుకొని, ఆపైన అది తప్పైనా సరే తడబడకుండా పలకండి. తడబాటే పిల్లలను నవ్విస్తుంది, తప్పు కాదు. చదవడం మాత్రం కాగితం నుండి గాక పీఠం మీది పఠన గ్రంథం నుండే చదవాలి. వాక్యపీఠం దగ్గరకు వెళ్ళి పుస్తకం మీద చేయి ఆనించి, కుర్చీల చప్పుడు, పసిపిల్లల గోల సద్దుమణిగేదాకా తలెత్తి చూస్తూ ఆగండి. ఆ పది సెకన్లు మీకు పది నిమిషాలుగా తోస్తాయి, ఎదుటివారికి అవి చాలా అవసరం. ఎర్ర అక్షరాలలో ఉన్నవి మనకు సూచనలే, వాటిని చదవకూడదు. నేను తొలి ఏడాది "లేదా సంక్షిప్త పఠనము" అని గంభీరంగా మైకులో చదివి, దాని తరువాత రెండూ చదివేశాను. ఆనాడు పూజ ఆలస్యమైనందుకు ఎన్ని ఇళ్ళలో అన్నం చల్లారిందో తెలియదు.

మృతుల స్మరణ దినపు సంగతికి వస్తే, నేనైతే ఆ రోజు వేరొకరిని చదవమని అడిగేవాడిని. తండ్రి పోయిన ఏడాదిలో ఆ పఠనం మోయమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. అంతకంటే లోతుగా చెప్పే అర్హత నాకు లేదు.

విశ్రాంత తెలుగు పంతులు (తిరుపతి) ఇచ్చిన జవాబు:

నేను క్రైస్తవుడిని కాను. రోజూ సుందరకాండ పారాయణం చేసుకునే ఇంట్లో పుట్టి పెరిగినవాడిని. బిగ్గరగా చదవడం అన్న మాట కనబడితే ఊరుకోలేక రాస్తున్నాను, పెద్ద మనసుతో స్వీకరించండి.

తమిళం మాట్లాడే ఇళ్ళ నుండి వచ్చిన పిల్లలకు నేను దశాబ్దాలపాటు తెలుగు చెప్పాను. తమిళ లిపిలో ఒత్తక్షరాలకు వేరే గుర్తులు లేవు కాబట్టి, ఆ చెవికి భ, బ ఒకటిగానే వినిపిస్తాయి. మీ గ్రంథంలో "భయపడకుము" అన్న మాట తరచుగా వస్తుందని విన్నాను. దానిని "బయపడకుము" అంటే అర్థం చెడదు గాని, ధైర్యం చెప్పే మాటలో బలం తగ్గుతుంది. రోజుకు పది నిమిషాలు భారము, ధనము, ఫలము, కథ అని నాలుగు మాటలు అరచేయి నోటికి అడ్డుపెట్టుకొని పలకండి. ఒత్తు పలికినప్పుడు చేతికి గాలి తగలాలి. నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది.

రెండవది ఒత్తులకంటే ముఖ్యమైనది. తెలుగు వాక్యంలో క్రియ చివరన ఉంటుంది. "చేసినవాడును, నడిపించినవాడును, విడిపించినవాడును అయిన ప్రభువు" అని బారుగా సాగే వాక్యంలో వినేవాడు ఆ చివరి క్రియ కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటాడు. చదివేవారు నడుమ ఊపిరి తీసుకునేటప్పుడు గొంతును దించేస్తే, వాక్యం ముగిసిందని అతడు అనుకొని చెవి వదిలేస్తాడు. తరువాత వచ్చే క్రియ దిక్కులేనిదవుతుంది. ఊపిరి ఎక్కడైనా తీసుకోండి, గొంతును మాత్రం క్రియ దగ్గరే దించండి. మీ కన్నుకంటే నోరు ముందు పరుగెత్తడానికి మందు కూడా ఇదే: మొదట ప్రతి వాక్యపు క్రియ కింద గీత గీసుకొని, ఆ తరువాత వెనక్కి వచ్చి చదవండి.

బస్సులోని అక్కగారి గురించి, ఆ పక్క సీటువాడిగా ఒక మాట. ఇది తిరుపతి. తిరుమల మీద అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో చట్టమే వచ్చింది, దాని వెనుక ఉన్న నొప్పి నాకు తెలుసు, మా ఇంటివారూ అనుభవించారు. ఈ వాతావరణంలో మీ నోరు కట్టుబడడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. అయితే అడగనివారి చేతిలో కరపత్రం పెట్టడం ఒకటి, అడిగినవారికి నిజం చెప్పడం మరొకటి. చాలా ఏళ్ళ క్రితం నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మీది పెద్దాయన ప్రతి సాయంత్రం ఏదో చిన్నగా చదువుకొనేవారు. ఏమిటని అడిగితే, "దావీదు కీర్తన సార్, నిద్ర పట్టడానికి" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు, నన్ను ఏమీ అడగలేదు. మరునాడు నేనే, కొంచెం పైకి చదవండి, నాకూ నిద్ర పట్టడం లేదు అన్నాను. ఆయన ఆ రోజు "ఆఫీసు కాగితం" అని ఉంటే నాకు ఆ నాలుగు రాత్రులు దక్కేవి కావు.

నిక్కచ్చి ఇచ్చిన జవాబు:

అందరూ మృదువుగా చెబుతున్నారు కాబట్టి నేను ఉన్నమాట అనేస్తాను. నమ్మకం లేనివారు వాక్యపీఠం ఎక్కకూడదు. పాఠకులు ఆ పనికి నిజంగా తగినవారై, శ్రద్ధగా సిద్ధపడినవారై ఉండాలని దివ్యపూజ గ్రంథపు సాధారణ నియమాలే చెబుతున్నాయి. ప్రార్థన మానేసిన మనిషి తగినవారు ఎలా అవుతారు? బాగా చదివినందుకు వచ్చిన మెప్పే ఆమెను తొలుస్తోందంటే, ఆమె మనస్సాక్షి సరిగ్గానే పనిచేస్తోందన్నమాట. కొన్నాళ్ళు ఆగి, పాపసంకీర్తనం చేసి (గురువు ఎదుట పాపాలు ఒప్పుకొని), ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టి, అప్పుడు చదవమనండి.

ఒక సిస్టర్ (చిత్తూరు) ఇచ్చిన జవాబు:

చెల్లీ, ఈ సంభాషణను రెండు రోజులుగా చూస్తున్నాను. నేను కొన్నేళ్ళుగా విచారణలలో పాఠకులకు శిక్షణ ఇస్తున్న మఠకన్యను. నిక్కచ్చిగా రాసిన సహోదరుని మాటలో సగానికి నేను తల ఊపుతాను. ఆయన చెప్పిన నియమం ఉన్నది, పాపసంకీర్తనం గురించి ఇచ్చిన సలహా కూడా మంచిదే. మిగిలిన సగంతో నేను ఏకీభవించను.

విశ్వాసాన్ని విసర్జించిన మనిషి వేరు, విశ్వాసంలో గాయపడిన మనిషి వేరు. విసర్జించిన మనిషి పీఠం ఎక్కనే ఎక్కరు, ఎక్కినా ఆ తరువాత ఏడాదిపాటు కుమిలిపోరు. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన దైవార్చన పత్రం ఏడవ అంశంలో, దేవాలయంలో పవిత్ర లేఖనాలు చదువబడుతున్నప్పుడు మాట్లాడేది క్రీస్తే అని ఉంది. ఆయన మాట్లాడడం నా మనసు ఆనాడు ఎంత వెచ్చగా ఉన్నదన్న దానిమీద ఆధారపడి ఉంటే, మన దేవాలయాలలో చాలా ఆదివారాలు మౌనంగానే గడిచిపోయేవి. సువిశేషం చదవబోయే ముందు గురువు పీఠం ఎదుట తలవంచి, తన హృదయాన్ని, పెదవులను శుద్ధి చేయమని లోలోపల వేడుకోవడం నీవు చూసే ఉంటావు. యెషయా పెదవులకు నిప్పుకణిక తాకించిన ఘట్టమే ఆ ప్రార్థనకు మూలం. శుద్ధి చేయమని ప్రతి పూజలోనూ అడుగుతున్నారంటే, ప్రతిసారీ అవసరం ఉన్నదనే గదా అర్థం.

ఇప్పుడు నీవు చదివిన జ్ఞానగ్రంథపు మాట చూద్దాం. ఏ బాధా వారిని తాకదు అన్న మొదటి వచనం దగ్గరే నీ చెవి మూసుకుపోయిందని నాకు అనిపిస్తోంది, అందులో నీ తప్పేమీ లేదు. ఆనాడు నీ నోటితోనే చదివిన ఐదు, ఆరు వచనాలు మరల తీసి చూడు. దేవుడు వారిని పరీక్షించాడని, కొలిమిలో బంగారాన్ని పుటం వేసినట్టు వేశాడని అక్కడ రాసి ఉంది. ఆసుపత్రి మంచం ఆ గ్రంథకర్తకు తెలియనిది కాదు. బాధ వారి దాపులకే రాలేదని ఆయన అనలేదు. బాధ చేయి ఇక అందని చోట వారు ఉన్నారన్నాడు. అది నమ్మడం నీకు ఇప్పుడు కష్టమైతే కష్టమనే దేవునితో చెప్పు. మీ నాన్నగారి కోసం కాకపోయినా, ఆ రోజు నీ ఎదుట కూర్చున్న ఎవరి తండ్రి కోసమో ఆ మాట వినబడవలసి ఉన్నది, వినబడింది.

ఒక అనుభవం చెబుతాను. సామాన్యకాలపు ఐదవ ఆదివారం, బి సంవత్సరంలో, మొదటి పఠనం, ఉన్నవన్నీ పోగొట్టుకొని బాధపడిన యోబు గ్రంథం ఏడవ అధ్యాయం నుండి వస్తుంది. పుత్తూరు వైపు ఒక చిన్న దేవాలయంలో ఆ పఠనం చదివినది మగ్గం పనిచేసే ఒక పెద్దాయన. కూడబలుక్కుంటూ చదివే మనిషి. నా దినములు నేతగాని నాడెకంటె (మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసేది) వేగముగా పోవుచున్నవి అన్న చోటికి వచ్చేసరికి, ఆయన కుడిచేయి పుస్తకం మీదనుండి ఒక అంగుళం లేచి, మగ్గం తాడును లాగినట్టు చిన్నగా కదిలి, మళ్ళీ ఆగిపోయింది. ఆయనకు తెలిసి చేసినది కాదు. దేవాలయంలో సగం మంది మగ్గం ఇళ్ళవారే కాబట్టి, నాడె అటూ ఇటూ కొట్టుకొనే చప్పుడు అందరికీ వినబడినట్టే అయింది. ఆ పఠనం ఎలా ముగుస్తుందో తెలుసా? నా కన్ను ఇక మేలును చూడదు అన్న మాటతో ముగుస్తుంది. దాని తరువాత ఒక్క ఓదార్పు మాట కూడా లేదు. ఆయన తలెత్తి "ప్రభువు వాక్కు" అన్నాడు, మేమంతా దేవునికి కృతజ్ఞతలు చెప్పాం.

దేనికి కృతజ్ఞతలు చెప్పామా అని నేను ఆ రోజంతా ఆలోచించాను. మేలు ఇక చూడనని ఏడ్చిన మనిషి మాటను తీసివేయకుండా, తల్లి శ్రీసభ (మన కతోలిక సంఘం) దానిని ఆదివారపు పీఠం మీదికి తెచ్చి దేవుని వాక్కు అని పిలుస్తోంది. నీవు ప్రార్థన మానేసిన ఆ నెలలలో నీ కడుపులో ఉన్న మాట బహుశా ఇదే. అది గ్రంథం బయట ఉన్న మాట కాదు.

ఆ నాడె వచనంలో మరొక విశేషం ఉంది. దినాలు ఆశ లేక ముగిసిపోతున్నాయన్న చోట హీబ్రూ మూలంలో ఉన్న మాట "తిక్వా". ఆ భాషలో ఆశకూ దారానికీ అదే మాట. యెహోషువ గ్రంథం రెండవ అధ్యాయంలో రాహాబు అనే స్త్రీ తన కిటికీకి కట్టిన ఎర్రని దారానికి కూడా ఇదే మాట వాడారు. నాడెలో దారం అయిపోయినట్టు ఆశ అయిపోయిందని యోబు అంటున్నాడన్నమాట. ఇలాంటిది తెలిసి చదివితే గొంతు తనంతట తానే నెమ్మదిస్తుంది, ఎవరూ భావం నింపనవసరం లేదు. సిద్ధపడడం అంటే నేను పిల్లలకు చెప్పేది ఇదే: మీ గదిలో ఆ మాటతో తగవు పడండి, పీఠం దగ్గరకు వచ్చాక తగవు మాని చదవండి.

బస్సు సంగతి చివరగా. పేతురు మొదటి లేఖ మూడవ అధ్యాయంలో, మీలోని ఆశకు కారణమేమిటని అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని, అది కూడా సాత్వికంతో, గౌరవంతో చెప్పమని ఉంది. అడిగినవారికి అన్న మాటను మనలో చాలామంది గమనించరు. అపోస్తలుల కార్యములలో ఎతియోపియా అధికారి రథంలో వెళుతూ యెషయా గ్రంథాన్ని పైకి చదువుకుంటుంటే సువార్త బోధించే ఫిలిప్పు విన్నాడు. అక్కడ రథం ఎక్కి పక్కన కూర్చోమని పిలిచినది ఎవరో చూశావా? ఆ ప్రయాణికుడే పిలిచాడు. ఫిలిప్పు తనంతట తాను ఎక్కలేదు. శ్రీసభ మతమార్పిడి ఒత్తిడి వలన గాక ఆకర్షణ వలన పెరుగుతుందని ఫ్రాన్సిస్ పోపుగారు 2013 నాటి తమ ఉద్బోధలో, తమకు ముందటి పోపు బెనడిక్టుగారి మాటను తీసుకొని రాశారు. పంతులుగారు చెప్పిన ఆసుపత్రి సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తుకు వచ్చింది, ఆయన క్రైస్తవుడు కాకపోయినా మా శిక్షణ తరగతిలో చెప్పవలసిన మాట చెప్పారు. నీవు ఆ అక్కతో నీ విశ్వాసం ఎంత గట్టిదో చెప్పనవసరం లేదు. అది గట్టిగా లేదు గదా ఇప్పుడు. ఉన్నంతే చెప్పు.

పూతలపట్టు బస్సు (చిత్తూరు) మళ్ళీ రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే రాయలేకపోయాను, కార్యాలయంలో నెలాఖరు లెక్కల పని ఉండింది. నిక్కచ్చిగారి మాట మొదట కోపం తెప్పించింది గాని, ఆయన చెప్పినట్టే పోయిన శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళాను. ప్రార్థన మళ్ళీ మొదలైందని చెప్పలేను. రాత్రిపూట యోబు ఏడవ అధ్యాయం మాత్రం పైకి చదువుకుంటున్నాను, క్రియల కింద గీతలు గీసుకొని. అరచేయి అడ్డం పెట్టుకొని "భారము, భారము" అంటుంటే మా అమ్మ వచ్చి జ్వరమేమోనని నుదురు ముట్టి చూసింది.

శుక్రవారం బస్సులో ఆ అక్క పక్కనే కూర్చున్నాను. చంద్రగిరి దాటాక నేనే కాగితం తీసి, "అక్కా, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను, అది ఆఫీసు కాగితం కాదు, గుడిలో చదవవలసిన పఠనం" అన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "తెలుసులే, ఆఫీసు కాగితం చూస్తే ఎవరికైనా పెదవులు కదులుతాయా" అంది. ఇప్పుడు ఏమి చదువుతున్నావని అడిగితే, ఇది ఆదివారానిది కాదని, నాన్న పోయినప్పటినుండి నాకు మనసు నిలవడం లేదని, ఒక సిస్టర్ గారు దీని గురించి చెప్పారని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చదివి వినిపించమంది. బస్సు రొదలో ఆమెకు మాత్రం వినబడేటట్టు నాలుగు వచనాలు చదివాను.

నాడె అన్న మాట దగ్గర ఆపింది. వాళ్ళ పుట్టిల్లు నారాయణవనం, తాతల కాలంలో ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవట. ఆ సంగతి రెండేళ్ళుగా పక్కన కూర్చుంటున్నా నాకు తెలియదు. సిస్టర్ గారు చెప్పిన దారం సంగతి చెప్పాను. ఆమె కాసేపు కిటికీలోనుండి చూసి, "కండెలో నూలు అయిపోవచ్చినప్పుడు నాడె చప్పుడు మారేది, మా తాత కళ్ళు మూసుకొని కూడా చెప్పేవాడు. కొత్త కండె పెట్టేదాకా మగ్గం ఆగుతుంది, అంతే" అంది. తరువాత వాళ్ళ తాత గురించి చాలాసేపు మాట్లాడింది. ఆయన చివరి రోజుల గురించి కూడా చెప్పింది. పూతలపట్టు వచ్చేవరకు నేను వింటూనే ఉన్నాను.

ఈ ఆదివారం నా వంతు లేదు. వచ్చే ఆదివారం రెండవ పఠనం నాదే, రోమీయులకు రాసిన లేఖ నుండి. ఒక్క వాక్యం ఏడు పంక్తులు సాగింది, క్రియ ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాను. పంతులుగారు ఇక్కడ ఉంటే ఆ వాక్యం పెడతాను, కొంచెం చూసి చెప్పగలరా?